ఈగ గీసిన ఎల్ల

రాజ్యాల ఎల్లలను రాజులు గీస్తారు. కొన్నింటిని నదులు గీస్తాయి, కొన్నింటిని కొండలు గీస్తాయి. ఆఫ్రికా ఖండంలో ఒక ఎల్లను మాత్రం ఈగ గీసింది. అక్కడ కోటగోడ లేదు, కావలిభటుడు లేడు, సుంకపు ఠాణా లేదు. అయినా శతాబ్దాల తరబడి ఆ గీత దాటిన గుర్రం బ్రతకలేదు, ఎద్దు బ్రతకలేదు. గుర్రం లేనిచోట రౌతు లేడు. ఎద్దు లేనిచోట బండీ లేదు, నాగలీ లేదు. ఒక ఖండపు చరిత్రలో ఇంతటి చోటును ఆక్రమించిన ఈ పురుగు పొడవు మన బొటనవ్రేలి గోరుకు మించదు. దాని కథను చదువరుల ముందుంచడమే ఈ టపా ఉద్దేశం.

పేరుతో మొదలుపెడతాను. భాష చెప్పుకొని బ్రతికినవాడికి అది వదలని అలవాటు. 'త్సెత్సె' అన్నది దక్షిణాఫ్రికా ప్రాంతపు త్స్వానా భాషలోని మాట. ఈగ చేసే రొదను అనుకరించి పుట్టిన పదమంటారు. మన పుస్తకాలలో ఇది ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా కనబడుతుంది. నేను త్సెత్సె అనే వ్రాస్తాను. దీని శాస్త్రనామం గ్లోసినా. గ్రీకులో గ్లోసా అంటే నాలుక. తలముందుకు సూటిగా పొడుచుకొని వచ్చిన తొండాన్ని దృష్టిలో పెట్టుకొని 1830లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వీడెమాన్ ఆ పేరు పెట్టాడు. ఈ ప్రజాతిలో జాతులు, ఉపజాతులు కలిపి సుమారు ముప్పై ఉన్నవి. అవన్నీ మూడు గుంపులు. దట్టమైన వానల అడవులలో ఉండేవి ఒక గుంపు, ఏటి ఒడ్డుల నీడలో ఉండేవి ఒక గుంపు, చెట్లు పలుచగా పెరిగే గడ్డినేలలలో ఉండేవి మరొక గుంపు. ఈ మూడవ గుంపులో ముందుగా చెప్పుకోవలసినది గ్లోసినా మార్సిటాన్స్. నా కథానాయిక ఇదే.

లాటిన్ భాషలో 'మార్సిటాన్స్' అంటే పదేపదే కరిచేది అని అర్థం. మన అమరకోశం అడవి ఈగకు 'దంశం' అనే పేరు చెప్పింది. ఆ పదమూ కరవడమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చినదే. ఎక్కడి లండను పండితుడు, ఎక్కడి అమరసింహుడు! కుట్టే పురుగును చూచి ఇద్దరికీ ఒకే ఊహ కలిగింది.

ఇక దీని నివాసం. త్సెత్సె ఈగలన్నింటినీ కలిపి చూస్తే సహారా ఎడారికి దక్షిణంగా సుమారు కోటి చదరపు కిలోమీటర్ల నేల వీటి ఏలుబడిలో ఉన్నది. అంటే మన దేశానికి మూడింతలు. అందులో మార్సిటాన్స్ మూడు ఉపజాతులుగా చీలి, పడమర సెనెగల్ నుంచి తూర్పున ఇథియోపియా వరకు ఒకటి, ఖండం నడుమ అంగోలా, కాంగో, జాంబియాల మీదుగా ఒకటి, ఆగ్నేయాన టాంజానియా, మొజాంబిక్, జింబాబ్వేలలో ఒకటి ఉంటున్నది. మియొంబో, మొపానే అనే చెట్లు పెరిగే తేలిక అడవులు దీనికి పుట్టినిల్లు. అట్లాసులో ఆ ప్రాంతానికంతకూ ఒకే రంగు పూస్తారు గాని, దగ్గరికి వెళ్లి చూస్తే అది దుప్పటిలాగా పరచుకున్నది కాదు, అతుకుల బొంతవంటిది. ఈ మైలు నిండా ఈగ ఉంటుంది, ఆ మైలులో ఒక్కటీ ఉండదు.

ఇలా ఎందుకుంటుందో తెలియాలంటే దీని కాపురం తెలియాలి. సాధారణంగా ఈగ అంటే వందలకొద్దీ గుడ్లు పెట్టే జీవి అనుకుంటాం. త్సెత్సె అలాంటిది కాదు. ఆడ ఈగ ఒకసారికి ఒక్క పిల్లనే కడుపులో మోస్తుంది. పాలవంటి ద్రవంతో లోపలే పోషించి, తొమ్మిది పది రోజులకు బాగా ఎదిగిన పురుగును నేల మీద విడుస్తుంది. ఆ పురుగు వెంటనే మన్నులోకి దూరి గూడు కట్టుకొని, సుమారు నెల తరువాత రెక్కలతో బయటికి వస్తుంది. ఒక తల్లి జన్మమంతా కన్నా పిల్లలు పదీ పన్నెండుకు మించవు. ఆడదీ మగదీ రెండూ నెత్తురు తప్ప మరొకటి ముట్టవు. కాబట్టి దీనికి నాలుగు కావాలి: త్రాగడానికి జంతువు, నిలువడానికి నీడ, పిల్లను దాచడానికి మెత్తని నేల, ఓర్చుకోగల వేడిమి. మన్నులోని గూడు మరీ చల్లబడితే లోపలి పిల్ల తనలో దాచుకున్న క్రొవ్వు తీరిపోయి, బయటికి రాకుండానే చస్తుంది. మరీ వేడెక్కినా చస్తుంది. అందుచేతనే ఉత్తరాన ఎడారి, దక్షిణాన చలి, నడుమ ఎత్తైన పీఠభూములు దీనికి హద్దులయినవి.

ఈగ కాటు కంటె ఈగ మోసేది ప్రమాదం. ట్రిపనోసోమా అనే కంటికి కనబడని క్రిమి ఒకటి దీని తొండం ద్వారా పశువు నెత్తురులో చేరుతుంది. పశువు మేస్తూనే చిక్కిపోతుంది, వెంట్రుక రేగుతుంది, నెత్తురు పలుచబడుతుంది, చివరికి కూలబడుతుంది. జూలూ భాష నుంచి వచ్చిన 'నగానా' అన్న మాట దీనికి స్థిరపడినది. మనుషులలో దీని చుట్టపు క్రిమి కలిగించేదే అతినిద్ర వ్యాధి. విచిత్రమేమంటే అడవిలోని దున్నకు, లేడికి, పందికి ఇదే క్రిమి నెత్తురులో ఉన్నా రోగం ఉండదు. అడవి జంతువు మోస్తుంది, ఈగ అందుకుంటుంది, ఊరి పశువు చస్తుంది.

ఈ ఈగను శాస్త్రలోకానికి పరిచయం చేసినవారిలో మనకు దగ్గరవారే ఇద్దరున్నారు. ఒకడు మద్రాసు సైన్యంలో అధికారి అయిన ఫ్రాంక్ వార్డన్. రెండవవాడు మద్రాసు సివిలు సర్వీసులో పనిచేసి, జ్వరపడి, గాలిమార్పుకు దక్షిణాఫ్రికా వెళ్లిన విలియమ్ కాటన్ ఆస్వెల్. వీరు 1846 ప్రాంతంలో లింపోపో నదీతీరాన వేటాడుతూ ఈగలను పట్టి లండనుకు చేర్చారు. వాటిని చూసి 1850లో వెస్ట్‌వుడ్ అనే శాస్త్రజ్ఞుడు మార్సిటాన్స్ అని నామకరణం చేశాడు. అదే ఆస్వెల్‌తో కలిసి ఎడారి దాటిన డేవిడ్ లివింగ్‌స్టన్ 1857లో తన యాత్రాగ్రంథం ముఖపత్రం మీదనే ఈ ఈగ బొమ్మ వేయించాడు. ఒక ప్రయాణంలో తన ఎద్దులు 43 దీని కాటుకు బలి అయినవని వ్రాశాడు. అంతకంటె విలువైన మాట ఇంకొకటి వ్రాశాడు. చోబే నదికి దక్షిణపు ఒడ్డు నిండా ఈగ, యాభై గజాల అవతల ఉత్తరపు ఒడ్డున ఒక్క ఈగా లేదు, అక్కడ పశువులు హాయిగా మేస్తున్నవి. ఇవతలి నుంచి పచ్చిమాంసం మీద వాలిన ఈగలతో సహా జనం పడవలలో అవతలికి పోతూనే ఉన్నారు. అయినా అక్కడ ఈగ నిలవలేదు. ఎల్ల ఎంత పదునుగా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

లివింగ్‌స్టన్ ఆ ఈగకు విషమున్నదనుకున్నాడు. అసలు సంగతి 1895లో తేలింది. జూలూలాండులోని ఉబోంబో కొండమీద డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు, తోడుగా పనిచేసిన భార్య మేరీ, జబ్బుపడిన పశువుల నెత్తురులో ట్రిపనోసోమా క్రిమిని చూశారు. ఈగ దానిని మోస్తున్నదని, అడవి జంతువుల నెత్తురులో అది దాగి ఉంటుందని నిరూపించారు. అంతకు పదిహేనేళ్ల ముందే, 1880లో, మన పంజాబులోని డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల నెత్తురులో ఇటువంటి క్రిమినే కనిపెట్టి ఉన్నాడు. అదే 'సర్రా' రోగం. దాని సంగతికి తిరిగి వస్తాను.

ఇక్కడినుంచి కథ మలుపు తిరుగుతుంది. ఈగ ఎల్ల ప్రకృతి గీసినదే అయితే అది కదలకూడదు. కాని కదిలింది. ఎంతగా కదిలిందంటే, పదేళ్లలో పటం గుర్తు పట్టలేనట్లు మారిపోయింది.

1887 ప్రాంతంలో ఎర్ర సముద్రపు ఒడ్డున ఇటలీ సేనల కొరకు దింపిన పశువులతో రిండర్‌పెస్ట్ అనే పశుమారి ఆఫ్రికాలో అడుగుపెట్టింది. ఆ పశువులు హిందూదేశం నుంచి వచ్చినవని పలువురు చరిత్రకారులు చెబుతారు. ఇథియోపియాను ఊడ్చి, మాసాయి ప్రజల మందలను తుడిచి, అది 1896లో జాంబెజీ నదిని దాటింది. ఆ నదికి దక్షిణంగానే 25 లక్షల పశువులు చనిపోయినవని అంచనా. బళ్లు దారులమీదనే నిలిచిపోయినవి. ఆ ఏడే రొడీషియాలో ఎన్డెబెలె, షోనా ప్రజలు తెల్లవారి మీద తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు కారణాలలో పశునష్టం ఒకటి.

ఈ మారి ఊరి పశువులతో ఆగలేదు. అడవిదున్నలు, కుడూ జింకలు, అడవిపందులు కుప్పలుగా పడిపోయినవి. త్రాగడానికి నెత్తురు కరవై ఈగ మాడిపోయింది. లింపోపోకు దక్షిణాన, ట్రాన్స్‌వాల్ పల్లపు నేలలలో మార్సిటాన్స్ పూర్తిగా మాయమైంది. నేటికీ తిరిగి రాలేదు. ఆ నేలలోనే తరువాత క్రూగర్ జాతీయవనం వెలిసింది. లింపోపోకు ఉత్తరాన మాత్రం అక్కడొక గుప్పెడు, ఇక్కడొక గుప్పెడు మిగిలింది. ఆ గుప్పెళ్లే తరువాతి కథకు విత్తనాలు.

తరువాతి కథ ఇది. మంద చచ్చింది కనుక మేత మేసేవారు లేరు. మనుషులు కరవుతో, అంటురోగాలతో, యుద్ధాలతో తగ్గిపోయారు కనుక పొద కొట్టేవారు లేరు, పోడు కాల్చేవారు లేరు. బీడుపడిన పొలాలలో ముళ్లపొదలు లేచినవి. అడవి జంతువు ఊరి పశువుకంటె త్వరగా కోలుకున్నది. దాని వెనుకనే ఈగ వచ్చింది, ఈసారి మునుపు లేనిచోటికి కూడా వచ్చింది. సరిగ్గా ఆ సమయంలోనే యూరపు ప్రభుత్వాలు ఖండాన్ని పంచుకొని పటాలు గీయడం మొదలుపెట్టినవి. ఊళ్లు పాడుపడిన తరువాత చూసిన ఆఫ్రికానే వారు అనాదిగా ఉన్న ఆఫ్రికా అనుకున్నారు. జనం పలుచన, అడవి దట్టం, ఈగ ముసురు: ఇదే ఆ నేల స్వభావమని పుస్తకాలలో చేరింది. 'చీకటి ఖండం' అన్న మాట మన పాఠాలదాకా నడిచివచ్చింది.

అంతకు పూర్వం ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం లేకపోలేదు. నేటి మొజాంబిక్, జింబాబ్వేల సరిహద్దులో గాజా రాజ్యాన్ని 1860లనుంచి 1884 వరకు మ్జిలా అనే రాజు ఏలాడు. ఈగ ఉన్న పల్లపు నేలలోనే అతడు జనాన్ని దగ్గరదగ్గరగా కుదిర్చాడు, పొదలు కొట్టించాడు, అడవి జంతువులను వేటాడించాడు. ఈగ వెనుకకు తగ్గింది, మందలు వచ్చినవి. 1889లో అతని కుమారుడు గుంగున్యానా రాజధానిని దక్షిణానికి తరలించి, జనాన్ని వేలసంఖ్యలో వెంట తీసుకొనిపోయాడు. పాతచోట పొద మొలిచింది, ఈగ తిరిగి వచ్చింది. ఈ వృత్తాంతాన్ని ఊరి పెద్దలను అడిగి తెలుసుకొని 1921లో ప్రకటించినవాడు స్విన్నర్టన్ అనే ఆంగ్లేయుడు. అక్షరమైనా రాయని ఒక రాజుకు ఈగ శాస్త్రం తెలిసినంతగా, తరువాత వచ్చిన ప్రభుత్వాలకు చాలాకాలం తెలియలేదు.

ఆ ప్రభుత్వాలు చేసినదేమిటి? దక్షిణ రొడీషియాలో 1919 నుంచి ఈగ మేపుగా ఉన్న జంతువులను కాల్చి చంపడం ప్రభుత్వ విధానమయింది. నలభై ఏళ్లలో ఐదు లక్షలకు మించి జంతువులు తుపాకులకు కూలినవి. పద్ధతి ఫలించిందా అంటే, ఫలించింది. ఈగ చాలాచోట్ల వెనుకంజ వేసింది. కాని ఏ మృగాన్ని చంపాలో ఎవరూ విచారించలేదు. 1950, 60 దశకాలలో వైట్జ్ అనే శాస్త్రవేత్త ఈగల కడుపులోని నెత్తురు ఏ జంతువుదో పరీక్షించి చూశాడు. మార్సిటాన్స్ ముఖ్యంగా త్రాగేది వార్ట్‌హాగ్ అనే అడవిపంది నెత్తురు. తరువాత కుడూ, బుష్‌బక్, అడవిదున్న. చారలగుర్రాన్ని, ఇంపాలాను, వైల్డ్‌బీస్ట్‌ను అది దాదాపు ముట్టనే ముట్టదు. అంటే కూలిన వేలాది చారలగుర్రాలు ఏ పాపమూ ఎరుగవు.

జంతువుల సంగతి అలా ఉండగా మనుషుల సంగతి ఇంకొకటి. 1910లో జాంబియాలోని లువాంగ్వా లోయలో వ్యాధి సోకిన ఒక మనిషి నెత్తురులో అతినిద్ర వ్యాధి క్రిమి కొత్తరకం దొరికింది. రెండేళ్లకు కింగ్‌హార్న్, యార్క్ అనే వైద్యులు దానిని మోసేది మార్సిటాన్స్ అని నిరూపించారు. అప్పటికే యుగాండాలో విక్టోరియా సరస్సు ఒడ్డున మరొక జాతి ఈగ మోసిన వ్యాధికి రెండు లక్షలకు పైగా జనం ప్రాణాలు కోల్పోయి ఉన్నారు. భయపడిన ప్రభుత్వాలు ఈగ నేలల నుంచి ఊళ్లకు ఊళ్లను లేపివేసినవి. టాంగన్యికాలో 1940లలో లివాలె ప్రాంతపు ప్రజలను తరలించారు. వారి నేలలో పెద్దభాగం సెలూస్ అభయారణ్యంలో కలిసిపోయింది. వ్యాధి భయం నిజమే, కొన్నిచోట్ల ప్రాణాలు నిలిచినవి కూడా. కాని మ్జిలా ఉపాయంతో పోల్చి చూడండి. మనిషి ఉంటే పొద తగ్గి ఈగ తగ్గింది అన్నది అతని అనుభవం. మనిషిని తీసివేసి నేలను ఈగకు అప్పగించడం వీరి ఉపాయం. ఇంటికి దొంగ వస్తాడని ఇంటివారినే ఖాళీ చేయించినట్లున్నది.

ఈ సంగతులన్నీ గ్రుచ్చి 1971లో జాన్ ఫోర్డ్ అనే శాస్త్రవేత్త ఒక పెద్ద గ్రంథం వ్రాశాడు. అతడు స్వయంగా ఆ ప్రభుత్వాల క్రింద దశాబ్దాలు ఈగపని చేసినవాడు. మనిషి, మంద, మృగం, పొద, ఈగ అనే ఐదింటి మధ్య ఆఫ్రికా ప్రజలు తరతరాలుగా ఒక ఒప్పందం కుదుర్చుకొని ఉన్నారని, వలస ప్రభుత్వాలు ఆ ఒప్పందాన్ని తెలియక చెరిపివేసినవని అతని వాదం. దీనికి ఎదురుగా మరొక వాదమున్నది. 2015లో మార్సెల్లా ఆల్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్త, ఈగకు అనుకూలమైన నేలలలోని ప్రజలు వలసకాలానికి పూర్వమే పశువులను, నాగలిని తక్కువగా వాడారని, పట్టణాలు తక్కువగా కట్టారని లెక్కలతో చూపింది. ఈగ చేరని చల్లని ఇథియోపియా మిట్టలలో నాగలి ఉన్నది, పల్లంలో పార మిగిలింది. గ్రేట్ జింబాబ్వే రాతికోట వెలిసినది కూడా మందలు బ్రతకగల పీఠభూమి మీదనే.

రెండు వాదాలూ పొసగవని కొందరంటారు. నాకు పొసగుతాయనే తోస్తున్నది. ఈగ భారం నిజం. ఎద్దు మోయవలసిన బరువును మనిషి నెత్తిన మోశాడు. 1914-18 యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో గుర్రాలు, కంచరగాడిదలు, ఎద్దులు వేలాదిగా ఈగపాలైనప్పుడు ఆ బరువు కూలీల తలలకెక్కి, పదులవేలమంది దారులలోనే మరణించారు. ఆ భారాన్ని కాదనలేము. కాని భారం వేరు, తలవ్రాత వేరు. భారం ఉన్నవాడు దానిని దించే ఉపాయం చేస్తాడు, మ్జిలా చేసినట్లు. తలవ్రాత అన్నామా, వాని ఉపాయం మన కంటికి కనబడదు. పటం మీద ఒకే రంగు పూసి, ఇది ఈగ దేశం, ఇక్కడివారి బ్రతుకింతే అని తీర్పు చెప్పడంలో ఉన్న అన్యాయమిదే. పటం ఒక రోజున తీసిన ఛాయాచిత్రం. దానిని జాతకచక్రంగా చదవరాదు.

తరువాతి కాలంలో తుపాకీ పోయి మందు వచ్చింది, మందు తగ్గి ఉపాయం వచ్చింది. 1959లో జాంబెజీ లోయలో రెకొమిట్జీ అనే పరిశోధన కేంద్రం వెలిసింది. 1970లలో గ్లిన్ వేల్ అనే శాస్త్రవేత్త ఎద్దులను నేలక్రింద గోతిలో ఉంచి, వాటి వాసన మాత్రమే గొట్టం ద్వారా పైకి వదలి చూశాడు. కంటికి ఎద్దు కనబడకపోయినా ఈగలు మూగినవి. ఊపిరిలోను, గోమూత్రంలోను ఉన్న ఏ పదార్థాలకు అవి వస్తున్నవో ఒక్కొక్కటిగా తేలింది. నలుపు, నీలం గుడ్డను కర్రలకు కట్టి, మందు పట్టించి, ఆ వాసన ప్రక్కన పెడితే చాలు. చదరపు కిలోమీటరుకు నాలుగు గుడ్డలు. రోజుకు నూటికి నాలుగు ఆడ ఈగలు అదనంగా చస్తే, బయటినుంచి రాక లేనిచోట ఆ వంశం అంతరించిపోతుంది. పది పన్నెండు పిల్లలను మాత్రమే కనే తల్లి బలహీనత అది. ఐదు లక్షల మృగాలను చంపి సాధించినదానిని నాలుగు గుడ్డపీలికలు సాధించినవి.

బోట్స్వానాలోని ఒకవాంగో నదీముఖంలో 2001, 2002 సంవత్సరాలలో విమానాలతో మందు చల్లి మార్సిటాన్స్‌ను తొలగించారు. లివింగ్‌స్టన్ ఎద్దులు పడిపోయిన సీమకు చేరువలో 2006లో మిగిలిన పనీ ముగించారు. ఆఫ్రికా దేశాధినేతలు 2000లో లోమే నగరంలో కూడి, ఖండమంతటా ఈ ఈగను నిర్మూలించాలని తీర్మానించి ఉన్నారు. అతినిద్ర వ్యాధి 1998లో నలభైవేలకు చేరువగా నమోదు కాగా, 2018 నుంచి ఏడాదికి వెయ్యి లోపునకు దిగింది. మందులు, వైద్యబృందాల శ్రమ దీనికి ముఖ్యకారణం. పశువుల బాధ మాత్రం తీరలేదు. ఏటా ముప్పై లక్షల పశువులు నగానాకు బలి అవుతున్నవని ఐక్యరాజ్యసమితి వ్యవసాయసంస్థ అంచనా.

ఈగ పోతే అంతా మేలేనా అన్న ప్రశ్న కూడా లేకపోలేదు. మందలు వెళ్లలేని చోట మృగాలు మిగిలినవి కనుక, ఈగను అడవికి కావలివాడన్నవారున్నారు. ఈ మాటలో కొంత నిజమున్నది. కాని కావలివాడి జీతం పల్లెటూరి పేదవాని ఎద్దుతో చెల్లించడం ధర్మం కాదు. అడవిని కాపాడదలిస్తే మనుషులే ముందుకు వచ్చి కాపాడాలి.

ఇప్పుడు ఎల్ల మళ్లీ కదులుతున్నది. రెకొమిట్జీ దగ్గర 1975 నుంచి సగటు వేడిమి దాదాపు ఒక డిగ్రీ, అన్నింటికంటె వేడిగా ఉండే నవంబరులో రెండు డిగ్రీలు పెరిగింది. మార్సిటాన్స్ దాయాది అయిన పాలిడిపెస్ ఈగ 1990లో ఒక పశువు దగ్గర ఒక్క సాయంకాలంలో యాభైకి పైగా దొరికేది, 2017 నాటికి ఒకటీ దొరకడం లేదని 2018లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. లోయ దానికి వేడెక్కిపోయింది. సంతోషించవచ్చునా అంటే, ఇదివరకు చల్లగా ఉండి ఈగను రానివ్వని మిట్టలు దానికి అనువుగా మారవచ్చునన్న హెచ్చరికా అందులోనే ఉన్నది. గ్రేట్ జింబాబ్వే మందలు మేసిన మిట్టలవంటివే అవి.

సర్రా సంగతికి తిరిగి వస్తానన్నాను. మన దేశంలో త్సెత్సె లేదు. కాని దాని క్రిమి వంశం ఉన్నది. నగానా క్రిమి నుంచే చీలి, త్సెత్సె అవసరం లేకుండా బ్రతకడం నేర్చుకొని, ఒంటెల వెంట, గుర్రాల వెంట ఆసియాకు చేరినదే సర్రా క్రిమి. ఇక్కడ దానిని మోసేది జోరీగ. వేమన పుణ్యాన ఏ తెలుగు బిడ్డకూ జోరీగను పరిచయం చేయనక్కరలేదు. ఒక పశువు నెత్తురు తడి ఆరకముందే మరొక పశువును కుట్టి అది క్రిమిని అంటిస్తుంది. 2000 జూలైలో ఒరిస్సాలోని నందన్‌కానన్ జంతుశాలలో పన్నెండు పులులు ఈ క్రిమికే బలి అయినవి. 2004లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, అంటే మన ఆదిలాబాదు సీమకు ఆనుకొని, ఒక రైతుకు కూడా ఇది సోకింది. మామూలుగా మనిషి నెత్తురులోని ఒక మాంసకృత్తు ఈ క్రిమిని చంపివేస్తుంది. ఆ రైతుకు పుట్టుకతోనే అది లేదని తరువాత తేలింది. ఈగ పటమూ రోగం పటమూ ఒకటి కావని దీనివలన తెలుస్తున్నది. క్రిమి ఎల్ల దాటింది, ఈగ దాటలేదు.

అసలు ఈగ కూడా ఎప్పుడూ ఆఫ్రికాకే కట్టుబడి లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్లనాటి రాతిపొరలలో త్సెత్సె ఈగల అచ్చులు దొరికినవి. 1990లో అరేబియా నైరుతి మూలన కూడా ఈ ఈగ ఉన్నట్లు ప్రకటించారు. మన కంటికి శాశ్వతంగా కనబడే గీతలెన్నో ఇటువంటివే. గీత ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో అడగకుండా దానికి ఇరుప్రక్కల ఉన్నవారి గుణగణాలు నిర్ణయించబూనడమే తగని పని.

చదువరులకు ఒక మనవి. పశువుల మీద వాలే ఈగలకు, పురుగులకు మన భాషలో ప్రాంతానికొక పేరున్నది. జోరీగ, పిడుదు, గోమారి వంటివి అందరికీ తెలుసు. ఇంకా నిఘంటువులకెక్కని పేర్లు మీ మీ ఊళ్లలో పెద్దలనోట విని ఉంటే, ఊరిపేరుతో సహా ఇక్కడ వ్రాయండి. పశువులు తగ్గిపోతున్న పల్లెలలో ఆ మాటలూ తగ్గిపోతున్నవి. ఒకచోట కూర్చి ఉంచితే రేపటివారికి పనికివస్తాయి.

స్వస్తి.